14 మంది టీమ్‌కి వారానికో పావుగంట ఆట: మొక్కుబడి కాకుండా నడపడం ఎలా?

కొత్త_లీడ్

అందరికీ నమస్కారం. ఆటలు, ఐస్‌బ్రేకర్లు (బెరుకు పోగొట్టే చిన్న ఆటలు) నడపడం బాగా తెలిసినవాళ్ల సలహా కావాలి.

టీమ్‌లో 14 మంది. 9 మంది ఒకే గదిలో, 5 మంది ఆన్‌లైన్‌లో. మొత్తంలో 5 మంది కొత్తగా చేరినవాళ్లు. సోమవారం మీటింగ్‌కి ముందు 15 నిమిషాలు ఆటకి పెట్టాం. ఇప్పటిదాకా ఆడినవి రెండే: వరసగా ఎవరి గురించి వాళ్లు చెప్పుకోవడం, ‘రెండు నిజాలు, ఒక అబద్ధం’ (ఒకరు తన గురించి మూడు సంగతులు చెబితే, అబద్ధం ఏదో మిగతావాళ్లు ఊహించాలి). రెండింట్లోనూ మాట్లాడేది ఎప్పుడూ ఆ నలుగురే. కొత్తవాళ్లు ముక్తసరిగా ఒక మాట అని ఊరుకుంటున్నారు. ఆన్‌లైన్ వాళ్లు కెమెరా ఆపేస్తున్నారు. ‘ఈ పావుగంట పని చేసుకోవచ్చు కదా’ అన్న మాటా వినిపించింది.

ఎంతమందికి ఏ ఆట పనికొస్తుంది, ఎంతసేపు, ఏ సామాను కావాలి, ఎక్కడ బెడిసికొడుతుంది? ఆడనన్నవాళ్లతో ఎలా మెలగాలి? ఇదంతా ఫలితం ఇస్తోందో లేదో దేన్నిబట్టి తెలుస్తుంది?

శిక్షణ_గది

మీరు ఎంచుకున్న ఆటల కంటే ముందు నిమిషాల లెక్క చూడండి. 14 మంది వరసగా నిమిషం చొప్పున మాట్లాడితే 14 నిమిషాలు. ఒకరు ముగించి ఇంకొకరు అందుకునే సందుల్లో పోయేది కలిపితే 20 దాకా వస్తుంది. అందులో ఒక మనిషి నోరు విప్పేది ఒక్క నిమిషం. మిగతా సమయమంతా వినాలి. తన వంతు వచ్చేదాకా ఏం చెప్పాలా అని మనసులో కూడబలుక్కుంటూ ఉంటారు కాబట్టి ఆ వినడం కూడా సరిగ్గా సాగదు. ‘రెండు నిజాలు, ఒక అబద్ధం’ అయితే చెప్పడానికి నిమిషం, ఊహించడానికి నిమిషం, మొత్తం 28 నిమిషాలు. మీ పావుగంటలో సగం మంది వంతే వస్తుంది. ఆ సగంలో ఉండేది చొరవ ఉన్నవాళ్లే.

అందుకని గుంపును నలుగురికి మించనివ్వకండి. మామూలు సంభాషణ నలుగురు దాటితే తనంతట తనే రెండుగా చీలుతుందని మనస్తత్వ పరిశోధకుడు రాబిన్ డన్‌బార్, ఆయన సహచరులు 1995లో ప్రచురించిన పరిశీలనలో చెప్పారు. ఐదో మనిషి చేరగానే ఒకరు ప్రేక్షకులైపోతారు. కొత్తగా చేరినవాళ్లే ఎక్కువగా ఆ స్థానంలోకి జారుకుంటారు.

మీ పరిస్థితికి మొదట జతల ఆట పెట్టమంటాను. 14 మందిలో వేర్వేరు జతలు 91. రెండు వరసల్లో ఎదురెదురుగా 7 కుర్చీలు, 7 కుర్చీలు వేయండి. ఒక చివర కుర్చీలో కూర్చున్నవారు కదలకూడదు. మిగతా 13 మంది ప్రతి రౌండ్ తర్వాత గడియారం ముల్లు తిరిగే వైపు ఒక్కో కుర్చీ జరగాలి. 13 రౌండ్లకి ప్రతి ఒక్కరూ మిగతా అందరితో ఒక్కసారి కూర్చున్నట్టవుతుంది. రౌండ్‌కి 3 నిమిషాలు, జరగడానికి అర నిమిషం. వారానికి 3 రౌండ్లు పెట్టుకుంటే నాలుగు వారాల్లో 12 అవుతాయి, మిగిలిన ఒక్కటి ఐదో వారం. ఎక్కడ ఆగారో ఆ కుర్చీల వరసను కాగితం మీద రాసి పెట్టుకోండి, లేకపోతే వచ్చే సోమవారం ఎవరు ఎవరికి ఎదురో తేలక అయిదు నిమిషాలు పోతాయి. ఎవరైనా రాకపోతే వాళ్ల జతగాణ్ణి పక్క జతలో మూడో మనిషిగా కూర్చోబెట్టండి, వరసను మాత్రం మార్చకండి.

ఈ ఆట చెడేది ఒకే చోట. 3 నిమిషాలకి ఒకేసారి గంట కొడితే, మాటకారి ఆ మూడూ తీసుకుంటాడు. 90 సెకన్లకి ఒక గంట కొట్టి ‘ఇప్పుడు రెండోవారు’ అని గట్టిగా చెప్పాలి. రెండో సగంలో మొదటివారు ప్రశ్నలు మాత్రమే అడగొచ్చు అని నియమం పెడితే ఇంకా నయం.

ప్రశ్నలు మెట్లు మెట్లుగా ఉండాలి. మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ ఆరన్ 1997లో ప్రచురించిన ప్రయోగంలో అపరిచితులిద్దరికి 36 ప్రశ్నలిచ్చి, 12 చొప్పున మూడు అంచెలుగా, సుమారు 45 నిమిషాలు మాట్లాడుకోనిచ్చారు. ఒక్కో అంచెకీ విషయం కాస్త లోతుకి వెళ్తుంది, చెప్పేదీ వినేదీ ఇద్దరికీ సమానంగా ఉంటుంది. దగ్గరితనం కలిగేది ఆ క్రమం వల్ల. ఆఫీసులో ఆ మూడో అంచె జోలికి పోకూడదు కానీ మెట్ల పద్ధతి అచ్చంగా పనికొస్తుంది. మొదటి వారం: ‘మీ పనిలో ఏ చిన్న భాగం మీకు ఇష్టం?’ రెండో వారం: ‘రోజులో ఏ సమయంలో మిమ్మల్ని కదిలించకపోతే మంచిది?’ మూడో వారం: ‘మీతో పని చేసేవాళ్లకి ముందే తెలిస్తే బాగుండే విషయం ఏది?’ నాలుగో వారం: ‘ఇప్పుడు చేస్తున్న పనిలో మీకు ఇంకా అంతుపట్టనిది ఏమిటి?’ ఈ నాలుగోది మొదటి రోజే అడిగితే ‘అబ్బే, ఏమీ లేదండీ’ అన్న జవాబే వస్తుంది.

ఒక్క మాట. ఆట తర్వాత 4 నిమిషాల చర్చ లేకపోతే ఆటను మానేయడం మేలు. విద్యావేత్త టెర్రీ బోర్టన్ 1970లో చెప్పిన మూడు ప్రశ్నలే చాలు: ఏం జరిగింది? అయితే ఏమిటి? ఇప్పుడేం చేద్దాం? రెండోది మీ పనికి ముడిపడాలి, మూడోదానికి ఒకే ఒక్క జవాబు రాసుకోవాలి, ఆ వారంలోనే చేయగలిగినంత చిన్నది. ‘ఇకపై ఒకరినొకరు బాగా అర్థం చేసుకుందాం’ లాంటిది రాసుకుని ప్రయోజనం లేదు. ‘ఫలానా ఇద్దరినీ పదకొండు లోపు ఫోన్‌లో కదిలించొద్దు’ అన్నది రాసుకుంటే మంగళవారమే తేడా కనిపిస్తుంది. ‘పని చేసుకోవచ్చు కదా’ అన్న మనిషికి కూడా అసలు సమాధానం అదే.

చార్టు_పేపర్

మాటల ఆటల గురించి పైన వచ్చింది కనుక చేతుల ఆటల గురించి చెబుతాను. మాట్లాడటానికి మొహమాటపడేవాళ్లు చేతికి పనిస్తే ముందుకొస్తారు.

వీపులు ఆనించి బొమ్మ: ఇద్దరిద్దరు ఒకరి వీపు ఒకరికి పెట్టి కూర్చుంటారు. ఒకరి చేతిలో బొమ్మ, ఇంకొకరి చేతిలో తెల్ల కాగితం, పెన్ను. బొమ్మ చూస్తున్నవారు చెబుతుంటే రెండోవారు గీయాలి. బొమ్మలో 6 నుంచి 8 ఆకారాలు చాలు: వృత్తం, దాన్ని తాకుతూ త్రికోణం, దాని కింద వాలుగా ఒక గీత, ఇలా. పేరు పెట్టగలిగే బొమ్మ ఇవ్వకూడదు. ‘ఇల్లు గీయి’ అనేస్తే ఆట అక్కడే అయిపోతుంది. మొదటి రౌండ్ 3 నిమిషాలు, గీసేవారు ప్రశ్నలు అడగకూడదు. రెండో రౌండ్‌కి కొత్త బొమ్మ, పాత్రలు మారతాయి, మళ్లీ 3 నిమిషాలు, ఈసారి ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిదాంట్లో ఎక్కువగా తప్పేవి కొలతలు, దిక్కులు. ‘పెద్ద వృత్తం’ అంటే ఒకరికి అరచేయంత, ఇంకొకరికి నాణెమంత. చర్చలో అడగాల్సింది: మనం పని అప్పగించేటప్పుడు ‘పెద్ద’, ‘త్వరగా’, ‘కొంచెం’ అన్న మాటలు ఎక్కడెక్కడ వాడుతున్నాం? ఒకరి నుంచి ఒకరికి పని చేతులు మారే టీమ్‌లకి ఇంతకంటే మంచి పావుగంట నాకు తెలియదు.

తేలే కర్ర: 8 నుంచి 10 మంది, రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబడి చూపుడువేళ్లు ఛాతీ ఎత్తున ముందుకి చాపుతారు. ఆ వేళ్ల మీద 2 నుంచి రెండున్నర మీటర్ల తేలికైన కర్ర పెడతాం. నియమాలు రెండే: అందరి వేళ్లూ ఎప్పుడూ కర్ర అడుగును తాకుతూ ఉండాలి, వేలు మెలేసి పట్టుకోకూడదు. పని: కర్రను నేల మీదకి దించడం. తమాషా ఏమిటంటే అది దిగదు, పైకి లేస్తుంది. ఎవరి వేలు వాళ్లు కర్రకి తగిలించి ఉంచాలని పిసరంత పైకి నెడతారు, ఆ పిసరంతలన్నీ కలిస్తే కర్ర బరువు కంటే ఎక్కువవుతాయి. కాబట్టి కర్ర బరువుగా ఉంటే ఆటే లేదు. చార్టు పేపర్లు పొడవుగా చుట్టి టేపుతో అతికించిన గొట్టం సరిపోతుంది, గుడారాల సన్న కడ్డీ ఇంకా మంచిది. మొదలుపెట్టేటప్పుడు నడిపేవాళ్లు చేత్తో కర్రను కొద్దిగా కిందికి అదిమి, అందరి వేళ్లూ తగిలాక వదలాలి.

అది లేచిన అర నిమిషానికే ‘ఎవరయ్యా పైకి తోస్తున్నది?’ అని వినిపిస్తుంది. ఆ మాట ఎప్పుడు వచ్చిందో, ఎవరి వైపు చూసి అన్నారో, పేర్లు లేకుండా రాసుకోండి. తర్వాతి చర్చకి సరుకు అదే. తప్పు ఎవరిదీ కాకుండానే పని చెడటం, అయినా వేలు ఒకరి వైపు చూపడం రెండూ కళ్లెదుటే జరుగుతాయి. దిగే దారి: ఒకరు లెక్క చెబుతూ అందరూ ఒకే లయలో అంగుళం అంగుళం దించడం. 8 నిమిషాల్లో దిగకపోతే ఆపేయండి. మోకాళ్ల నొప్పి, నడుము నొప్పి ఉన్నవాళ్లుంటే నేలకి బదులు బల్ల ఎత్తు దాకా దించితే చాలని ముందే చెప్పాలి. ఈ ఆట ముందే తెలిసినవారు ఒక్కరున్నా గుట్టు బయటపడుతుంది, వాళ్లని గమనించే పనికి పెట్టండి.

గోపురం ఆట గురించి చాలామంది వినే ఉంటారు: 20 స్పగెట్టి పుల్లలు (ఉడికించని సన్నని పాస్తా), ఒక గజం టేపు, ఒక గజం దారం, ఒక మార్ష్‌మాలో (మెత్తటి చక్కెర మిఠాయి), నలుగురు, 18 నిమిషాలు. మార్ష్‌మాలో పైకొసన నిలవాలి. పీటర్ స్కిల్‌మన్ రూపొందించాడు, టామ్ వుజెక్ 2010లో ఇచ్చిన ప్రసంగంతో లోకమంతా తెలిసింది. చిన్నపిల్లల బడి (కిండర్‌గార్టెన్) ముగించిన పిల్లలు బిజినెస్ స్కూలు పట్టభద్రుల కంటే సగటున మెరుగ్గా కట్టారని అందులో చెప్పాడు. పెద్దలు చివరి నిమిషం దాకా గోపురం కడుతూ ఉండి ఆఖర్న మార్ష్‌మాలో పెడతారు, అది కాస్తా కూలుతుంది. పిల్లలు మొదటి నుంచీ పెట్టి చూసుకుంటూ కడతారు. అయితే సర్దడం, చర్చ కలిపితే ఇది 40 నిమిషాల ఆట, మీ పావుగంటలో పట్టదు. కుదించాలంటే గుంపుకి 10 ఏ4 కాగితాలు, అర మీటరు టేపు, పైన పెట్టడానికి ఒక టెన్నిస్ బంతి, 7 నిమిషాలు ఇవ్వండి. సగం గుంపులకి మాత్రం ఒక చీటీ ఇవ్వండి: ‘2వ నిమిషంలో, 4వ నిమిషంలో బంతి పెట్టి చూసి తీరాలి’. మిగతా సగానికి ఆ చీటీ ఉండదు. తేడా వాళ్లే చెబుతారు.

చేతులు పట్టుకుని చిక్కుముడి విప్పే ఆట మాత్రం వద్దు. ముట్టుకోవడం అందరికీ ఇష్టం ఉండదు, ఇష్టం లేదని పదిమందిలో చెప్పడం ఇంకా కష్టం. పైగా ఆ ముడి ఒక వలయంగానే విడుతుందన్న నమ్మకం లేదు. రెండు వలయాలు కావచ్చు, అవి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఉండొచ్చు, అసలు విడకపోనూవచ్చు.

హెడ్‌సెట్

పైవన్నీ ఒకే గదికి సరిపోతాయి. సగం గది, సగం ఆన్‌లైన్ అన్నప్పుడు లెక్క వేరు. గదిలో 9 మంది నవ్వుతుంటే, తెర మీద 5 మందికి వినిపించేది గలగల శబ్దం మాత్రమే. కెమెరాలు ఆగిపోవడానికి ముందు చూడాల్సింది ఆసక్తి కాదు, వినబడుతోందా లేదా అన్నది.

శిక్షణ_గది గారి కుర్చీల పద్ధతిని ఇక్కడ నంబర్లతో చేయండి. 1 నుంచి 14 నంబర్లిచ్చి 13 రౌండ్ల జాబితా ముందే తయారు చేసుకోవాలి. గదిలో ఇద్దరికి జత పడితే ఎదురుగా కూర్చుంటారు. ఆన్‌లైన్‌లో ఇద్దరికి పడితే బ్రేకవుట్ రూమ్‌కి, అంటే ఆన్‌లైన్ మీటింగ్‌లోనే వాళ్లకి విడిగా తెరిచే చిన్న గదికి, వెళ్తారు. ఒకరు గదిలో, ఒకరు ఆన్‌లైన్‌లో అయితే గదిలోవారు తమ ల్యాప్‌టాప్, హెడ్‌సెట్ పెట్టుకుని తమ జతవారు ఉన్న బ్రేకవుట్ రూమ్‌కి వెళ్తారు. ఒకే రౌండ్‌లో అలాంటి జతలు 5 దాకా రావచ్చు కాబట్టి 5 హెడ్‌సెట్లు సిద్ధంగా ఉండాలి. హెడ్‌సెట్ లేకుండా ఒకే గదిలో రెండు ల్యాప్‌టాప్‌ల మైకు, స్పీకరు తెరిస్తే ఒకదాని శబ్దం ఇంకోదానిలోకి వెళ్లి చెవులు చిల్లులు పడే కూత వస్తుంది. ఆ కూత ఒక్కసారి వచ్చిందంటే అందరూ మ్యూట్ చేసుకుంటారు, మళ్లీ తెరవరు.

గుంపుల ఆట అయితే 3, 3, 3, 3, 2 గా విడగొట్టండి. ప్రతి గుంపులో సరిగ్గా ఒక ఆన్‌లైన్ మనిషి ఉంటారు. కానీ ప్రతివారం ఇలాగే చేస్తే ఆ 5 మందికీ వాళ్లలో వాళ్లకి పరిచయమే కాదు. అందుకని ఒక వారం తప్పించి ఒక వారం ఆన్‌లైన్‌వాళ్లని 3, 2 గా, గదిలోవాళ్లని ముగ్గురేసి చొప్పున మూడు గుంపులుగా పెట్టండి.

బ్రేకవుట్ రూమ్‌కి పంపే ముందు ప్రశ్నను రాతలో ఇవ్వాలి. నోటితో చెప్పి పంపితే అక్కడికి వెళ్లాక ‘ఇంతకీ ఏం అడిగారు?’ అన్నదే మొదటి నిమిషం. ఎవరు ముందు మాట్లాడాలో కూడా రాయండి: ‘పేరు అక్షరక్రమంలో ముందున్నవారు మొదలుపెడతారు’. ఎవరు మొదలుపెట్టాలన్న మొహమాటం అక్కడితో తీరుతుంది. చివరి 30 సెకన్లకి ముందు అందరి తెర మీదా సందేశం వచ్చేలా చేయండి.

ఆన్‌లైన్‌కి అన్నిటికంటే చవకైనది చాట్ ఆట. ప్రశ్న అడిగి, అందరూ జవాబు టైప్ చేయాలి కానీ ఎంటర్ నొక్కకూడదు అని చెప్పండి. ఒక నిమిషం ఇచ్చి, మూడు అంకెలు లెక్కపెట్టగానే అందరూ ఒకేసారి నొక్కుతారు. 14 జవాబులు జలపాతంలా పడతాయి. విడివిడిగా పంపనిస్తే మొదట పడ్డ జవాబును చూసి మిగతావాళ్లు తమది మార్చుకుంటారు. ఒకేసారి నొక్కినప్పుడు కొత్తగా చేరినవారి జవాబుకీ పాతవారి జవాబుకీ ఒకటే బరువు. తర్వాత నడిపేవాళ్లు రెండు జవాబులు చదివి, రాసినవారి అనుమతితో ఒక్కో ప్రశ్న అడిగితే చాలు, మొత్తం 5 నిమిషాలు.

లయ మీద నడిచే ఆటలు, అంటే కలిసి చప్పట్లు, కలిసి పాడటం ఆన్‌లైన్‌లో పెట్టొద్దు. గొంతు అవతలికి చేరడానికి పట్టే ఆ కాస్త ఆలస్యం వల్ల ఎవరి చప్పట్లు వాళ్లకే సరిగ్గా వినిపిస్తాయి, మిగతావన్నీ తప్పినట్టే ఉంటాయి.

కొత్త_లీడ్

చాలా థాంక్స్, జతల జాబితా ఈ వారమే తయారు చేస్తాను. రెండు సందేహాలు. ఒకటి, అసలు ఆడటం ఇష్టం లేదన్నవాళ్ల సంగతి. రెండు, ఆటలో లీడ్ ఆడాలా, పక్కన ఉండాలా?

నాలుగో_కుర్చీ

‘ఇష్టం లేదు’ అన్న మాట కింద సాధారణంగా మూడు వేర్వేరు సంగతులు ఉంటాయి, మూడింటికీ మందు వేరు.

మొదటిది, అప్పటికప్పుడు అడిగితే మాట తోచకపోవడం. దీనికి ప్రశ్నను ముందురోజే పంపాలి. ఆటలోనూ మాట్లాడే ముందు ఒక నిమిషం మౌనంగా రాసుకోనివ్వాలి. ఒక నిమిషం ఒంటరిగా, 2 నిమిషాలు ఇద్దరిగా, 4 నిమిషాలు నలుగురిగా, 5 నిమిషాలు అందరూ కలిసి అన్న పద్ధతి మొత్తం 12 నిమిషాల్లో అయిపోతుంది. నలుగురి ముందు చెప్పేసరికి ఆ మాటను ఇద్దరి దగ్గర ఒకసారి అని చూసుకున్నారు కాబట్టి బెరుకు తగ్గుతుంది.

రెండోది, సొంత విషయాలు చెప్పడం ఇష్టం లేకపోవడం. ఇది పూర్తిగా వాళ్ల హక్కు. చిన్ననాటి ఫొటో తెమ్మనడం, ఇంట్లోవాళ్ల గురించి, పెళ్లి గురించి, వయసు, ఆరోగ్యం, మతం, జీతం గురించి ప్రశ్నలు పెట్టడం, ‘మీ జీవితంలో అత్యంత బాధాకరమైన రోజు’ లాంటివి అడగడం ఏ వారమూ చేయొద్దు. బాల్యం అందరికీ తీపి జ్ఞాపకం కాదు. అలాంటి మనిషికి ఆ ప్రశ్న ముందు ఉన్నవి రెండే దారులు: అబద్ధం చెప్పడం, లేదా సోమవారం పొద్దున్నే అందరి ముందూ గాయం విప్పడం. పుట్టినరోజు క్రమంలో మౌనంగా నిలబడే ఆట పెట్టినా నెల, తేదీ మాత్రమే అని చెప్పాలి, సంవత్సరం వద్దు.

మూడోది, పని నెత్తి మీద ఉండటం. దానికి ఆట పనివేళల్లోనే ఉండాలి, భోజనం వేళా పని ముగిశాకా కాదు. 15 అంటే 15 దగ్గర ఆగాలి. 25కి సాగిన ఒక్క సోమవారం చాలు, తర్వాతి నాలుగు వారాలు జనం గడియారం చూస్తూ కూర్చుంటారు.

‘పాస్’ అనే మాట మొదటి రోజే నియమంగా పెట్టండి: కారణం చెప్పనక్కర్లేదు, ఎవరూ అడగకూడదు. నియమం ఉందని చెప్తే చాలదు, మొదటి రెండు వారాల్లో లీడే ఒకసారి ‘నేను పాస్’ అని చూపించాలి. అప్పటిదాకా అది కాగితం మీది హక్కే. పాస్ అన్నవాళ్లకి పక్కన కూర్చోవడం కాక, నిజమైన పని ఉండాలి: గంట కొట్టడం, లేదా ఎంతమంది మాట్లాడారో, ఎన్నిసార్లు ఒకరి మాటకి ఇంకొకరు అడ్డం వచ్చారో గీతలు గీయడం. అలా గమనించినవారు చర్చలో చెప్పే రెండు వాక్యాలు చాలాసార్లు ఆడినవాళ్ల మాటల కంటే పదునుగా ఉంటాయి.

లీడ్ ఆడాలి. తన గురించి చెప్పే ఆటల్లో లీడ్ మొదట మాట్లాడాలి, ఎందుకంటే మిగతావాళ్లు ఆ కొలతే పట్టుకుంటారు. మీరు 30 సెకన్లలో మామూలు మనిషిలా ఒక చిన్న విషయం చెబితే వాళ్లూ అంతే చెబుతారు, మీరు 3 నిమిషాల ఉపన్యాసం ఇస్తే ఆట కాస్తా మీటింగ్ అవుతుంది. ఆట తర్వాతి చర్చలో మాత్రం లీడ్ చివర మాట్లాడాలి. ముందే మాట్లాడితే ఆ తర్వాత వచ్చేవన్నీ మీ మాటకి తలూపడాలే. ఆటలో ఎవరెలా చేశారన్నది పనితీరు సమీక్షలో ఎప్పటికీ, సరదాగా కూడా, ఎత్తకూడదు.

ఫలితం గురించి అడిగారు. ‘ఆట బాగుందా?’ అని అడగొద్దు, మర్యాదకి బాగుందనే అంటారు. ఆటలు మొదలుపెట్టే ముందు రెండు మామూలు మీటింగుల్లో ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారో గీతలు గీసి పెట్టుకోండి. ఆరు వారాల తర్వాత మళ్లీ రెండు మీటింగుల్లో గీయండి. మాట్లాడినవాళ్ల సంఖ్య 4 నుంచి 8కి వచ్చిందా అన్నది చూడాలి, మొత్తం మాటలు కాదు. దాంతోపాటు పేరు లేకుండా ఒకే ప్రశ్న: ‘ఈ టీమ్‌లో నాకు తెలియదు అని చెప్పడం ఎంత తేలిక?’ 1 నుంచి 5 దాకా. జవాబుల్ని కొత్తవాళ్లు, పాతవాళ్లు అని విడదీయకండి. 5 మందిలో ఎవరు ఏం రాశారో ఇట్టే పోల్చుకోవచ్చు, మరుసటిసారి అందరూ 5 వేస్తారు.

ఒక హెచ్చరిక. టీమ్ బాగుపడేకొద్దీ బయటికి చెప్పే తప్పుల సంఖ్య పెరగొచ్చు. టీమ్‌ల మీద పరిశోధన చేసే ప్రొఫెసర్ అమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి విభాగాల్లో మందుల పొరపాట్ల మీద చేసి 1996లో ప్రచురించిన పరిశోధనలో మంచి టీమ్‌వర్క్ ఉన్న విభాగాల్లోనే నమోదైన పొరపాట్లు ఎక్కువగా కనిపించాయి. అక్కడ పొరపాట్లను దాచకుండా చెప్పుకోగలుగుతున్నారన్నదే ఆమె ఇచ్చిన వివరణ. 1999లో ఆమె ప్రచురించిన పరిశోధన టీమ్‌లో భయం లేకుండా నోరు విప్పగలగడం గురించే. కాబట్టి మూడో నెలలో ‘ఇది నావల్ల చెడింది’ అన్న మాట ఎక్కువ వినిపిస్తే కంగారుపడొద్దు, అలా అన్న మనిషిని అందరి ముందూ నిలదీయకండి. ఆ ఒక్క నిలదీతతో పన్నెండు వారాల ఆటలూ వృథా అవుతాయి.

చార్టు_పేపర్

పై మాటకి చిన్న చేర్పు. పని భారం ఎక్కువై, లేదా ఇద్దరి మధ్య నిజంగా గొడవ ఉండి టీమ్ బిగుసుకుపోతే, ఆటలతో దాన్ని కప్పొద్దు. ముందు ఆ గొడవ సంగతి విడిగా తేల్చండి. ఆ ఇద్దరినీ తేలే కర్రకి ఎదురెదురుగా నిలబెడితే రెండో నిమిషంలోనే అది బయటికొస్తుంది, అదీ పదిమంది ముందు.

కొత్త_లీడ్

ఇంకొక్కటే. ఆట మధ్యలోనే తేలిపోతోందని, అంటే ఎవరికీ పట్టడం లేదని తెలిస్తే పూర్తయ్యేదాకా లాగాలా, ఆపేయాలా?

శిక్షణ_గది

ఆపేయండి. కానీ ముందు ఒక్కటి చూసుకోండి: ఆట పట్టలేదా, సూచన అర్థం కాలేదా? రెండు గుంపులు రెండు రకాలుగా ఆడుతుంటే అది సూచన లోపం. గంట కొట్టి, నియమాన్ని ఒక్క వాక్యంలో మళ్లీ చెప్పి, ఒక జతతో అందరి ముందూ 20 సెకన్లు ఆడించి చూపించి మళ్లీ మొదలుపెట్టండి. సూచనలు ఎప్పుడూ మూడు వాక్యాలు దాటకూడదు, సామాను పంచేది చెప్పడం అయ్యాకే. ముందే పంచితే చేతుల్లో కాగితం మడుస్తూ ఎవరూ వినరు.

అందరికీ అర్థమైంది, అయినా కుర్చీలు వెనక్కి జారాయి, ఫోన్లు బయటికొచ్చాయి అంటే అది పట్టని ఆట. అప్పుడు నవ్వించాలని గొంతు పెంచకండి. ‘ఇది ఇవాళ మనకి కుదరడం లేదు, ఇక్కడ ఆపుదాం’ అని మామూలు గొంతుతో చెప్పి, మిగిలిన నిమిషాల్లో ఎందుకు కుదరలేదో ఇద్దరిద్దరిగా ఒక చీటీ మీద రాయించండి. చీటీల మీద పేర్లు వద్దు. వచ్చేవారం ఆటను ఆ చీటీలు చూసి ఎంచుకోండి, ఏ చీటీ చూసి ఎంచుకున్నారో మొదట్లోనే చదివి వినిపించండి.